కొత్త పీసీ ఆన్ అయిందా? అయితే అసలు పరీక్ష ఇప్పుడే మొదలు

పార్టులన్నీ వచ్చాయి. ఆదివారం కూర్చుని పీసీ అసెంబుల్ చేశారు. పవర్ బటన్ నొక్కగానే ఫ్యాన్లు తిరిగాయి, ఆర్‌జీబీ లైట్లు వెలిగాయి, స్క్రీన్ మీద బయోస్ వచ్చింది. ఫొటో తీసి వాట్సాప్ స్టేటస్ కూడా పెట్టేశారు. ఇక పని అయిపోయినట్టేనా?

అప్పుడే కాదు. పీసీ ఆన్ అవ్వడం వేరు, నమ్మకంగా పనిచేయడం వేరు. చాలామందికి ఎదురయ్యే కథ ఒకటి చెప్తా. మొదటి వారం అంతా బాగానే ఉంటుంది. రెండో వారం గేమ్ మధ్యలో ఒకసారి డెస్క్‌టాప్‌కి వచ్చేస్తుంది. గేమ్‌లో బగ్ అనుకుంటారు. తర్వాత డౌన్‌లోడ్ చేసిన జిప్ ఫైల్ పాడైపోయిందని మెసేజ్ వస్తుంది. నెట్ సరిగా లేదనుకుంటారు. ఆ తర్వాత బ్లూ స్క్రీన్. విండోస్ మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తారు, అయినా తగ్గదు. నెల తర్వాత ఎవరో చెబితే ర్యామ్ టెస్ట్ చేస్తారు. రెండు స్టిక్కుల్లో ఒకటి మొదటి రోజు నుంచే పాడు! అత్త మీద కోపం దుత్త మీద చూపించినట్టు, ఇన్నాళ్లూ తిట్టింది విండోస్‌ని.

అప్పటికి ఇంకో నష్టం కూడా జరిగిపోతుంది. చాలా ఆన్‌లైన్ సైట్లలో రీప్లేస్‌మెంట్ గడువు వారం, పది రోజులే. ఆ లోపు దొరికిన ఫాల్ట్‌కి కొత్త పార్ట్ వస్తుంది. అది దాటితే వారంటీ కింద సర్వీస్ సెంటర్ చుట్టూ తిరగాలి, పార్ట్ తిరిగి వచ్చేదాకా పీసీ మూలన పడి ఉంటుంది. కాబట్టి కొత్త పీసీతో మొదటి రెండు మూడు రోజులు గేమింగ్‌కి కాదు, టెస్టింగ్‌కి ఇవ్వండి. ఇందులో వాడేవన్నీ ఫ్రీ సాఫ్ట్‌వేర్లే.

ఒక్కటే రూల్ గుర్తుపెట్టుకోండి: ఒకసారికి ఒక్క పార్ట్‌నే టెస్ట్ చేయాలి, అది కూడా ఒక వరుసలో. అన్నీ కలిపి ఒకేసారి లోడ్ పెడితే పీసీ క్రాష్ అయిందని తెలుస్తుంది కానీ, ఎందుకు అయిందో తెలియదు.

మొదలుపెట్టే ముందు

బిల్లులు, బాక్సులు, లోపలి ప్లాస్టిక్ కవర్లతో సహా ఏదీ పారేయకండి. ప్రతి పార్ట్ మీద ఉన్న సీరియల్ నంబర్ ఫొటో తీసుకోండి.

రెండు ర్యామ్ స్టిక్కులే ఉంటే చాలా మదర్‌బోర్డుల్లో ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెడితే రెండో, నాలుగో స్లాట్లలో పెట్టాలి. మీ బోర్డు మాన్యువల్‌లో చూసి కన్ఫర్మ్ చేసుకోండి. కూలర్ అడుగున ఉండే ప్లాస్టిక్ ఫిల్మ్ తీశారో లేదో గుర్తు చేసుకోండి. మొదటిసారి పీసీ కట్టేవాళ్లు ఎక్కువగా చేసే పొరపాటు ఇదే.

బయోస్‌ని లేటెస్ట్ వెర్షన్‌కి అప్‌డేట్ చేయండి. తర్వాత సెట్టింగ్స్ అన్నీ డిఫాల్ట్‌లో పెట్టండి. ఎక్స్‌ఎంపీ, ఎక్స్‌పో, ఓవర్‌క్లాకింగ్ ఏవీ ఇప్పుడే ఆన్ చేయొద్దు. డీడీఆర్5 ర్యామ్ అయితే మొదటిసారి ఆన్ చేసినప్పుడు కొన్ని నిమిషాల పాటు స్క్రీన్ నల్లగానే ఉండొచ్చు. మెమరీ ట్రైనింగ్ జరుగుతోందని అర్థం. కంగారుపడి స్విచ్ ఆపేయకండి.

ఇంకొకటి. పీసీ ఆన్‌లో ఉన్నప్పుడు క్యాబినెట్ మెటల్‌ని తాకితే చేతికి జివ్వుమంటోందా? అది పీసీ ఫాల్ట్ కంటే ఎక్కువగా మీ ఇంటి ప్లగ్ పాయింట్‌లో ఎర్తింగ్ లేకపోవడం వల్లే వస్తుంది. ముందు ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఎర్తింగ్ సరిచేయించండి. టెస్టులు ఆ తర్వాతే.

మొదటి టెస్ట్: ర్యామ్

ర్యామ్ ఎందుకు ముందు? ప్రాసెసర్ వేడెక్కితే స్పీడ్ తగ్గించుకుంటుంది, మరీ ఎక్కువైతే పీసీ ఆగిపోతుంది. అంటే దాని సమస్య బయటపడుతుంది. ర్యామ్ అలా కాదు. 16 జీబీ ర్యామ్‌లో దాదాపు 13,700 కోట్ల బిట్లు ఉంటాయి. అందులో ఒక్క బిట్ 1 బదులు 0 అని చదివినా పీసీ ఆగకపోవచ్చు. ఆ తప్పు డేటానే మీ ఫొటోలోకో, ప్రాజెక్ట్ ఫైల్‌లోకో రాసేసి మామూలుగా నడుస్తూ ఉంటుంది. విండోస్ ఇన్‌స్టాల్ అవుతున్నప్పుడు ఇలా జరిగితే పునాదే వంకరగా పడుతుంది. అందుకే విండోస్ ఇన్‌స్టాల్ చేయకముందే ర్యామ్ టెస్ట్ పూర్తి చేయాలి.

దీనికి మెమ్‌టెస్ట్86 గానీ, ఓపెన్ సోర్స్ అయిన మెమ్‌టెస్ట్86 ప్లస్ గానీ వాడొచ్చు. రెండూ పెన్‌డ్రైవ్ నుంచి నేరుగా బూట్ అవుతాయి. పెన్‌డ్రైవ్‌లో ఉన్నదంతా చెరిగిపోతుంది కాబట్టి ఖాళీది తీసుకోండి. బూట్ కాకపోతే బయోస్‌లో సెక్యూర్ బూట్ కాసేపు ఆఫ్ చేసి చూడండి. మెమ్‌టెస్ట్86 ఫ్రీ వెర్షన్‌లో 4 పాస్‌లు ఉంటాయి. అవి పూర్తవ్వడానికి గంటలు పడుతుంది. రాత్రి పెట్టేసి పడుకోండి, పొద్దున లేచి చూసుకోండి.

ఇక్కడ పాస్ మార్కులు లేవు. ఒక్క ఎర్రర్ వచ్చినా ఫెయిలే. "వేలల్లో ఒక్కటే కదా" అని సర్దుకోవద్దు.

డిఫాల్ట్ స్పీడ్‌లో పాస్ అయ్యాక ఎక్స్‌ఎంపీ లేదా ఎక్స్‌పో ఆన్ చేసి, మళ్లీ మొత్తం టెస్ట్ నడపండి. మీరు 6000 స్పీడ్ అని కొన్న డీడీఆర్5 ర్యామ్ డిఫాల్ట్‌గా 4800 దగ్గరే నడుస్తుండొచ్చు. బాక్స్ మీద ఉన్న స్పీడ్ రావాలంటే ఈ ప్రొఫైల్ ఆన్ చేయాల్సిందే, కానీ నిజానికి అది ఒక రకం ఓవర్‌క్లాకింగే. ర్యామ్ ఒక్కటే బాగుంటే సరిపోదు, ప్రాసెసర్‌లోని మెమరీ కంట్రోలర్, మదర్‌బోర్డు కూడా ఆ స్పీడ్‌ని తట్టుకోవాలి.

రిజల్ట్‌ని ఇలా అర్థం చేసుకోండి. డిఫాల్ట్‌లోనే ఎర్రర్లు వస్తే స్టిక్కులు తీసి, ఒక్కొక్కటిగా ఒకే స్లాట్‌లో పెట్టి టెస్ట్ చేయండి. ఒక స్టిక్‌కే ఎర్రర్ వస్తే ఆ స్టిక్ పాడు. రెండూ ఒక స్లాట్‌లో ఫెయిల్ అయి ఇంకో స్లాట్‌లో పాస్ అయితే అనుమానం మదర్‌బోర్డు మీద, లేదా ప్రాసెసర్ సరిగా కూర్చోకపోవడం మీద. డిఫాల్ట్‌లో పాస్, ఎక్స్‌ఎంపీలో ఫెయిల్ అయితే మీ బోర్డు సపోర్ట్ లిస్ట్‌లో ఆ ర్యామ్ ఉందో లేదో చూడండి. ఒక మెట్టు తక్కువ స్పీడ్‌లో నడిపి చూడండి. కిట్‌గా వచ్చిన ర్యామ్‌లో ఒకటి పాడైనా, రెండూ కలిపే వెనక్కి పంపాలి.

రెండో టెస్ట్: ప్రాసెసర్, కూలింగ్

ఇప్పుడు విండోస్, డ్రైవర్లు ఇన్‌స్టాల్ చేయండి. టెంపరేచర్లు చూడటానికి హెచ్‌డబ్ల్యూఇన్ఫో, లోడ్ పెట్టడానికి ప్రైమ్95 లేదా ఓసీసీటీ తెచ్చుకోండి.

ప్రైమ్95కి ఒక చరిత్ర ఉంది. ఇది అసలు టెస్టింగ్ కోసం చేసిన సాఫ్ట్‌వేర్ కాదు. మెర్సెన్ ప్రైమ్స్ అనే భారీ ప్రధాన సంఖ్యల్ని వెతకడానికి 1996లో మొదలైన ప్రాజెక్ట్‌ది. వారాల తరబడి చేసిన లెక్కలో ఒక్క తప్పు వచ్చినా శ్రమంతా వృథా కాబట్టి, చేసిన లెక్కని అది చేస్తూనే సరిచూసుకుంటుంది. పూర్ణ సంఖ్య రావాల్సిన చోట దశాంశం ఎక్కువగా మిగిలితే ఎక్కడో హార్డ్‌వేర్ తప్పు చేసిందని పట్టేస్తుంది, "రౌండింగ్" ఎర్రర్ చూపించి ఆ వర్కర్‌ని ఆపేస్తుంది. పీసీ క్రాష్ అవ్వకుండానే తప్పు బయటపడుతుంది. ఇంటెల్ స్కైలేక్ ప్రాసెసర్లలో ఉన్న ఒక బగ్ కూడా ఇలాగే ప్రైమ్95 నడిపినప్పుడు బయటపడింది. 2016 జనవరిలో ఇంటెల్ దాన్ని ఒప్పుకుని, బయోస్ అప్‌డేట్ ద్వారా సరిచేసింది.

ముందు "స్మాల్ ఎఫ్ఎఫ్‌టీ" మోడ్ 30 నిమిషాలు నడపండి. ప్రాసెసర్‌ని ఎక్కువ వేడెక్కించే మోడ్ ఇది. ఎంత వేడి వచ్చిందనే కాదు, ఎంత వేగంగా వచ్చిందో చూడండి. పెట్టిన రెండు మూడు సెకన్లలోనే లిమిట్ దగ్గరికి వెళ్లిపోతే కూలర్ సరిగా కూర్చోలేదని, పేస్ట్ తక్కువైందని, లేదా ఆ ప్లాస్టిక్ ఫిల్మ్ ఇంకా అక్కడే ఉందని అనుమానించాలి. పది పదిహేను నిమిషాలు మెల్లగా పెరుగుతూ పోతే కూలర్ బాగానే ఉంది, క్యాబినెట్‌లో గాలి ఆడటం లేదని అర్థం. సైడ్ ప్యానెల్ తీసి మళ్లీ నడపండి. టెంపరేచర్ బాగా తగ్గితే మీ అనుమానం నిజమే.

ఎంత వరకు ఓకే? ఇది ప్రాసెసర్‌ని బట్టి మారుతుంది. రైజెన్ 7000 సిరీస్‌లో చాలా మోడల్స్ ఫుల్ లోడ్‌లో 95 డిగ్రీల వరకు వెళ్లేలాగే డిజైన్ చేశారు. ఇంటెల్ 12వ తరం డెస్క్‌టాప్ చిప్స్‌కి లిమిట్ 100. లిమిట్‌ని తాకిన ప్రతిసారీ ఫాల్ట్ ఉన్నట్టు కాదు. క్లాక్ స్పీడ్ బేస్ క్లాక్ కంటే కిందికి పడిపోతుంటే మాత్రం కూలింగ్ చాలట్లేదని అర్థం.

మన దగ్గర ఇంకో లెక్క కూడా వేసుకోవాలి. డిసెంబర్‌లో రూమ్ 26 డిగ్రీలు ఉన్నప్పుడు ప్రాసెసర్ 78 చూపించిందనుకోండి. తేడా 52. అదే లోడ్, అదే ఫ్యాన్ స్పీడ్‌తో మే నెలలో విజయవాడలోనో రామగుండంలోనో ఏసీ లేని గదిలో 40 డిగ్రీలు ఉంటే? 40కి 52 కలిపితే 92. చలికాలంలో పాస్ అయిన పీసీ ఎండాకాలంలో తడబడేది ఇందుకే. అందుకని టెంపరేచర్‌తో పాటు ఆ రోజు రూమ్ ఎంత వేడిగా ఉందో కూడా రాసి పెట్టుకోండి.

వేడి సంగతి తేలాక "బ్లెండ్" మోడ్ మూడు నాలుగు గంటలు నడపండి. ఇది ప్రాసెసర్‌ని, ర్యామ్‌ని కలిపి పరీక్షిస్తుంది. హెచ్‌డబ్ల్యూఇన్ఫోలో కింద డబ్ల్యూహెచ్ఈఏ ఎర్రర్స్ అనే లైన్ ఉంటుంది. టెస్ట్ అయ్యేసరికి అది సున్నాలోనే ఉండాలి.

మూడో టెస్ట్: గ్రాఫిక్స్ కార్డ్

ముందు పవర్ కేబుల్స్ చూడండి. రెండు 8 పిన్ కనెక్టర్లున్న కార్డ్‌కి ఒకే కేబుల్ నుంచి చీలిన రెండు కొసలు కాకుండా, రెండు వేర్వేరు కేబుల్స్ పెట్టడం మంచిది. కొత్త 16 పిన్ కనెక్టర్ అయితే సందు కనిపించకుండా పూర్తిగా లోపలికి నొక్కాలి. 2022లో ఆర్‌టీఎక్స్ 4090 కార్డుల కనెక్టర్లు కరిగిపోయిన సంఘటనలు వచ్చినప్పుడు, కనెక్టర్ పూర్తిగా దిగకపోవడం ఒక ప్రధాన కారణమని ఎన్విడియా చెప్పింది.

తర్వాత యూనిజీన్ సూపర్‌పొజిషన్ లాంటి బెంచ్‌మార్క్ ఒకటి రెండు గంటలు నడపండి. ఫర్‌మార్క్ కూడా వాడొచ్చు కానీ 15 నిమిషాలు చాలు. అది మామూలు గేమ్స్‌లో ఎప్పుడూ రానంత లోడ్ పెడుతుంది. ఓసీసీటీలో వీర్యామ్ టెస్ట్ ఉంది, అది కార్డ్ మెమరీలో ఎర్రర్లని లెక్కపెట్టి చూపిస్తుంది. ఓసీసీటీ ఫ్రీ వెర్షన్‌లో ఒక్కో టెస్ట్‌ని గంట వరకే నడపనిస్తుంది, మనకి అది సరిపోతుంది.

స్క్రీన్ మీద రంగు చుక్కలు, మెరిసే త్రిభుజాలు, గీతలు కనిపిస్తే కార్డ్ మెమరీ మీద అనుమానం పెట్టుకోవాలి. వెంటనే వీడియో తీసుకోండి, రీప్లేస్‌మెంట్ అడిగేటప్పుడు పనికొస్తుంది. స్క్రీన్ ఒక్క క్షణం నల్లబడి తిరిగి వస్తుంటే, ముందు గ్రాఫిక్స్ డ్రైవర్ పూర్తిగా తీసేసి కొత్తది వేయండి. మానిటర్ కేబుల్ కూడా మార్చి చూడండి.

నాలుగో టెస్ట్: ఎస్ఎస్‌డీ

ఇది పది నిమిషాల పని. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో ఓపెన్ చేయండి. కొత్త డ్రైవ్ అయితే పవర్ ఆన్ అవర్స్ మీరు వాడిన గంటలే ఉండాలి. వందల్లో చూపిస్తే అది కొత్తది కాదు. ట్రాన్స్‌ఫర్ మోడ్ కూడా చూడండి. పీసీఐఈ 4.0 డ్రైవ్ 3.0 దగ్గర నడుస్తుంటే, స్పీడ్ తక్కువున్న స్లాట్‌లో పెట్టారేమో చెక్ చేయండి.

తర్వాత 50 జీబీ వరకు ఉన్న ఫోల్డర్‌ని కాపీ చేసి, 7-జిప్‌లో రెండింటికీ చెక్‌సమ్ తీయండి. రెండూ ఒకటే రావాలి. తేడా వస్తే డ్రైవ్‌ని తిట్టే ముందు మళ్లీ ర్యామ్ టెస్ట్ చేయండి. ఎందుకంటే కాపీ అయ్యే ప్రతి బైట్ ర్యామ్ మీదుగానే వెళ్తుంది.

ఐదో టెస్ట్: ఎస్‌ఎంపీఎస్, యూపీఎస్

విడివిడిగా అన్నీ పాస్ అయ్యాకే ఇప్పుడు అన్నీ కలిపి లోడ్ పెట్టాలి. ఓసీసీటీలో పవర్ టెస్ట్ ప్రాసెసర్‌ని, గ్రాఫిక్స్ కార్డ్‌ని ఒకేసారి ఫుల్‌గా నడుపుతుంది. 20 నిమిషాలు చాలు. ఈ టెస్ట్‌లో ఏ మెసేజ్ లేకుండా, బ్లూ స్క్రీన్ కూడా రాకుండా టక్కున ఆఫ్ అయితే మొదటి అనుమానం ఎస్‌ఎంపీఎస్ మీదే.

యూపీఎస్ వాడుతుంటే ఇంకో పరీక్ష ఉంది. మన ఇళ్లలో ఎక్కువగా కనిపించే 600 వీఏ యూపీఎస్‌లు సాధారణంగా ఇవ్వగలిగేది 360 వాట్లు. గ్రాఫిక్స్ కార్డ్ ఉన్న పీసీ, మానిటర్ కలిపి గేమ్‌లో అది దాటేయొచ్చు. కరెంట్ పోయాకే ఈ విషయం తెలిస్తే ఏం లాభం? అన్ని ఫైల్స్ క్లోజ్ చేసి, బెంచ్‌మార్క్ నడుస్తుండగా యూపీఎస్ గోడ స్విచ్ ఆపండి. పీసీ ఆగకుండా నడిస్తే సరే. యూపీఎస్ అరిచి పడిపోతే పెద్ద కెపాసిటీది కావాలి.

అందరూ వదిలేసే టెస్ట్: ఖాళీగా ఉన్నప్పుడు

కొన్ని పీసీలు ఫుల్ లోడ్‌లో రాయిలా నిలబడి, యూట్యూబ్ చూస్తుంటే పడిపోతాయి! ప్రాసెసర్ ఖాళీగా ఉన్నప్పుడు వోల్టేజ్ బాగా తగ్గుతుంది, చిన్న పని రాగానే క్లాక్ ఒక్కసారిగా పైకి దూకుతుంది. అండర్‌వోల్ట్ చేసినవాళ్లకి, రైజెన్‌లో కర్వ్ ఆప్టిమైజర్ వాడినవాళ్లకి తేడా కొట్టేది ఎక్కువగా ఇక్కడే. ఒక రాత్రంతా పీసీని ఊరికే ఆన్‌లో ఉంచండి. మూడు నాలుగు సార్లు స్లీప్‌లో పెట్టి లేపండి. రాత్రి పూర్తిగా ఆఫ్ చేసి పొద్దున ఆన్ చేయండి. చల్లగా ఉన్నప్పుడు మొదటిసారి బూట్ కాక, రెండోసారికి వస్తుంటే ఎక్స్‌ఎంపీ సెట్టింగ్ మీద అనుమానించండి.

ఎర్రర్ మెసేజ్‌ని గుడ్డిగా నమ్మొద్దు

ఇంటెల్ 13, 14వ తరం డెస్క్‌టాప్ ప్రాసెసర్ల సంగతి గుర్తుందా? కొందరికి గేమ్ ఓపెన్ చేయగానే "వీడియో మెమరీ సరిపోలేదు" అని వచ్చేది. సహజంగానే అందరూ గ్రాఫిక్స్ కార్డ్‌నే అనుమానించారు. అసలు తప్పు ప్రాసెసర్‌ది. గేమ్ డేటాని విప్పే లెక్కల్లో అది పొరపాటు చేస్తుంటే, గేమ్ మాత్రం వీడియో మెమరీ పేరు చెప్పింది. ఎక్కువ వోల్టేజ్ వల్ల చిప్ దెబ్బతింటోందని తేలి, 2024 ఆగస్టు, సెప్టెంబర్‌లలో ఇంటెల్ మైక్రోకోడ్ అప్‌డేట్లు ఇచ్చింది, వారంటీని మరో రెండేళ్లు పెంచింది. అప్పటికే దెబ్బతిన్న చిప్‌ని ఆ అప్‌డేట్ బాగుచేయలేదు. సెకండ్ హ్యాండ్‌లో ఈ చిప్స్ కొనేవాళ్లు ముందు బయోస్ అప్‌డేట్ చేసి, తర్వాత ఈ టెస్టులన్నీ తప్పకుండా చేయాలి.

విండోస్ ఈవెంట్ వ్యూయర్‌లో కనిపించే కెర్నల్-పవర్ 41 కూడా అంతే. అది పీసీ సరిగా షట్‌డౌన్ కాకుండా ఆగిపోయిందని చెబుతుంది, అంతే. పేరులో పవర్ ఉంది కదా అని వెంటనే ఎస్‌ఎంపీఎస్ మార్చేయకండి. అదే డబ్ల్యూహెచ్ఈఏ-లాగర్ ఎర్రర్ ఉంటే హార్డ్‌వేర్ వైపు గట్టిగా చూడాలి.

ఎక్కడ ఫెయిల్ అయినా పద్ధతి ఒకటే. అన్ని సెట్టింగ్స్ డిఫాల్ట్‌కి తెచ్చి మళ్లీ టెస్ట్ చేయండి. పాస్ అయితే తప్పు సెట్టింగ్‌ది. ఫెయిల్ అయితే ఒక్కసారికి ఒక్క పార్ట్ మాత్రమే మార్చి చూడండి. రెండు మూడు కలిపి మారిస్తే సమస్య పోవచ్చు, దేని వల్ల పోయిందో మాత్రం తెలియదు.

మొత్తం టైమ్ ఎంత?

మొదటి రాత్రి డిఫాల్ట్‌లో ర్యామ్ టెస్ట్. రెండో రోజు పగలు విండోస్, ప్రాసెసర్, రాత్రి ఎక్స్‌ఎంపీతో మళ్లీ ర్యామ్. మూడో రోజు గ్రాఫిక్స్, ఎస్ఎస్‌డీ, పవర్, ఆ రాత్రి ఖాళీగా ఆన్‌లో. ఎక్కువ భాగం మీరు నిద్రపోతుండగానే అయిపోతుంది.

ఇవన్నీ పాస్ అయితే మీ పీసీకి ఇక ఎప్పటికీ ఏమీ కాదని గ్యారంటీ లేదు. ఏ టెస్టూ ఆ మాట చెప్పలేదు. ఉన్న తప్పుని పట్టుకోవడమే టెస్ట్ పని. కానీ రీప్లేస్‌మెంట్ గడువు ముగిసేలోపు, మీ ప్రాజెక్ట్ ఫైల్స్, ఫొటోలు అందులోకి ఎక్కేలోపు ఆ తప్పు దొరికితే అది మీ డబ్బు, మీ డేటా కాపాడినట్టే. టెస్టుల స్క్రీన్‌షాట్లు ఒక ఫోల్డర్‌లో దాచుకోండి. ఆరు నెలల తర్వాత ఏదైనా తేడా వచ్చినప్పుడు, "కొత్తలో ఎలా ఉండేది?" అనే ప్రశ్నకి జవాబు అందులోనే ఉంటుంది. ఇప్పుడు గేమ్ డౌన్‌లోడ్ పెట్టుకోండి!